గ్లాసులో నిలబెట్టిన కలబంద మట్ట

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. మీరిద్దరూ చల్లగా ఉండాలని రెండు పూటలా దేవుణ్ణి అడుగుతున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మీ నాన్న కళ్ళజోడు మార్చారు. పేపరు బాగా కనబడుతోందట, మూలల్లో బూజు ఇంకా బాగా కనబడుతోందని నన్ను సాధిస్తున్నారు. వంటింటి కిటికీ రెక్క బాగు చేయించాం. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి, అడగకు.

ఇక లోషన్ సంగతి. కోడలు చేసిన లోషన్ రాసుకుంటే చేతులు దద్దుర్లెక్కి, లాండ్రీకి రెండు రోజులు వెళ్ళలేకపోయావని రాశావు. కోపం పట్టలేక ఆ సీసా పారేశావనీ, ఆ అమ్మాయి ఏడ్చి, అప్పటినుంచి నీతో ముభావంగా ఉందనీ రాశావు. "నీ చేతి లోషనే పంపమ్మా, తనని ఇక ఆ లోషన్ గిన్నె ముట్టుకోనివ్వను" అన్నావు.

ఆ మాట మూడుసార్లు చదువుకున్నాను. ప్రార్థనకు కూర్చుని దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను. చెప్పాక, దేనికి చెప్పానో తెలిసి లేవలేకపోయాను.

పెళ్ళయ్యాక మీరిద్దరూ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి నా పక్కన పొయ్యి దగ్గర నిలబడి, "ఇంత దూరం సీసాలు పంపడం ఎందుకత్తయ్యా? నాకు నేర్పండి. మీ అబ్బాయి చేతులు ఇక నా పూచీ" అంది. నవ్వుతూనే అంది పాపం. పక్కింటి టైలరమ్మ అక్కడే ఉంది. "అయితే వదినా, నీకు రిటైర్మెంటు ఇచ్చేశారన్నమాట!" అంది. అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. నువ్వు లాండ్రీలో చేరిన మొదటి నెల, బట్టల సోడా నీళ్ళకు వేళ్ళు పగిలి నెత్తురు కారింది. అప్పటినుంచి ఏడేళ్ళుగా ఆ వేళ్ళను కాపాడింది నేను. మూడు నెలల కిందట వచ్చిన పిల్ల పూచీ పడుతుందా అనుకున్నాను.

అయినా నేర్పాను. బంతి రేకులు ఎండబెట్టి కొబ్బరి నూనెలో సన్నసెగ మీద కాచడం, వడగట్టి తేనెమైనం కరిగించడం, నూనె గోరువెచ్చగా ఉండగానే కలబంద గుజ్జు కొంచెం కొంచెంగా వేస్తూ చిలకడం, అన్నీ. శ్రద్ధగా కాగితం మీద రాసుకుంది. అప్పుడు కిటికీ దగ్గర గ్లాసులో నిలబెట్టిన కలబంద మట్టలు చూసి, "ఇవి ఇలా ఎందుకు పెట్టారత్తయ్యా?" అని అడిగింది.

"వాడిపోకుండా" అన్నాను.

అబద్ధం, చిన్నా. కోసిన వైపు కిందికి ఉండేలా గంటసేపు నిలబెడితే పసుపుపచ్చ జిగురు కారిపోతుంది. ఆ తర్వాత కడిగి చెక్కు తీయాలి. ఆ జిగురు గుజ్జులో కలిస్తే ఒళ్ళు దురద పెడుతుంది. అది నాకు తెలుసు. ఆ అమ్మాయి లోషన్ బాగా కుదరకూడదనే ఆ మాట దాచాను. రాసుకునేది నీ చేతులకేనన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. అసూయ నా కళ్ళు అంతగా కప్పేసింది.

ఆ అమ్మాయి నేను చెప్పినట్టే చేసింది. ఏ తప్పూ చేయలేదు. నువ్వు తిట్టవలసిన మనిషిని నేను.

అందుకే ఈసారి సీసా పంపడం లేదు. దద్దుర్లు పూర్తిగా తగ్గాక ఆ అమ్మాయినే మళ్ళీ చేయమను. ముందు మోచేతి మీద కొంచెం రాసి చూసుకో. దానికంటే ముందు, పారేసిన సీసాకు క్షమాపణ అడుగు. ఈ ఉత్తరం తన చేతికే ఇవ్వు. మెత్తగా మార్చి నువ్వు చెప్పకు.

తనకే విడిగా రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. "అమ్మాయీ" అని రాసి ఆగిపోయాను. నీకైతే ఒక్క ఊపున రాసేశాను. చూశావా, క్షమించమని అడగవలసింది తననైతే, ఇప్పుడు కూడా ముందు నీకే రాశాను.

ఇట్లు,
నీ అమ్మ,
ఇంకా అలా పిలవాలనిపిస్తే ఆ అమ్మాయికి అత్తయ్య.