శనివారం లెక్కల క్లాసు

సుజాతా,

ఇవాళ హన్నా ఇంజనీరైందని వాళ్లింట్లో పార్టీ. రెడ్‌మండ్ లైబ్రరీలో నీ శనివారం లెక్కల క్లాసుకి ప్రతిసారీ ఆలస్యంగా వచ్చి, నీచేత తిట్లు తిన్న ఇథియోపియా అమ్మాయే. శనివారాలు ఇంటికొచ్చిన చుట్టాలకి వాళ్ల ఆచారం ప్రకారం మూడు విడతలు కాఫీ కాచి పోసేది ఆడపిల్లేనని తెలిశాక నువ్వే వాళ్లింటికి వెళ్లావు. మూడో కప్పూ తాగి, "వచ్చే శనివారం నుంచి కాఫీ తమ్ముడు పెడతాడు" అని వాళ్ల నాన్నతో తేల్చేసి వచ్చావు.

ఇవాళ కాఫీ గింజలు వేయించింది ఆ తమ్ముడే. కాస్త మాడ్చాడు. నువ్వుంటే ఊరుకునేదానివి కాదు. హన్నా మాత్రం అతిథుల మధ్య హాయిగా కూర్చుంది. నువ్వు పోయాక ఆగిపోయిన క్లాసుని వచ్చే శనివారం నుంచి తనే నడుపుతుందట.

"మళ్లీ లేటుగా వస్తావేమో" అన్నాను.

"ఇక కుదరదు అంకుల్. తలుపు తీయాల్సింది నేనే" అంది.