ఆరో కుర్చీ

కాలేజీ హాస్టల్, పెన్సిల్వేనియా
అక్టోబరు 4, 1952

ప్రియమైన అమ్మకి,

నాకు చిన్న పని దొరికింది, మనస్తత్వ శాస్త్రం ప్రొఫెసర్ గారి దగ్గర. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో పైకి చెప్పమంటారు. పసిపిల్లలైనా చెప్పగలరు. ఏడుగురం వరసగా కూచుంటాం. ఆరుగురం ప్రొఫెసర్ గారి మనుషులమే. ముందే అనుకుని అందరం ఒకే తప్పు చెప్తాం. ఏడోవాడికి మాత్రం ఏమీ తెలియదు. అతనేం చెప్తాడో చూడటమే పరిశోధన.

నాది ఆరో కుర్చీ. నా తర్వాతే అతని వంతు. పాపం, కళ్ళు నులుముకుంటాడు, పిచ్చినవ్వు నవ్వుతాడు. ఎక్కువమంది ఎక్కడో ఒకచోట మాతో గొంతు కలిపేస్తారు. అయ్యాక నిజం చెప్పేస్తాంలే. నిన్న ఒకడు "హమ్మయ్య, నా కళ్ళు పోయాయనుకున్నా" అన్నాడు.

నీ ఎల్వుడ్

*

అక్టోబరు 12

ఒరే నాయనా ఎల్వుడ్,

పూట పూటా అబద్ధమాడటం కూడా చదువేనా? మాట నిజమైతే ఒట్టు అక్కర్లేదని కోర్టులో ప్రమాణం కూడా చెయ్యని క్వేకర్ల ఇంట్లో పుట్టావు. గుర్తుందా?

ఇక్కడ నాకు నిద్ర పట్టడం లేదు. దేశమంతా కమ్యూనిస్టుల భయం పట్టుకుంది కదా, "నేను కమ్యూనిస్టును కాను" అని రాసివ్వమన్నారు మన బడి టీచర్లని. అందరూ సంతకాలు పెట్టారు, టేసీ పెట్టలేదు. "భయపెట్టి అడిగితే నిజం కూడా చెప్పను" అంది. నీ చేత అక్షరాలు దిద్దించిన మనిషిరా! చందాలిచ్చే పెద్దలు బెదిరిపోయారు. వచ్చే నెల, బడిని నడిపే మన క్వేకర్ల సభలో ఆమెను తీసేసే మాట వస్తుంది. మన సభలో ఓట్లు లేవు కదా, ఒక్కరు "నా మనసు ఒప్పట్లేదు" అన్నా తీర్మానం ఆగుతుంది. ఆ ఒక్కరూ నేనే అయ్యేలా ఉన్నాను. ఒక్కదాన్నే కాదనాలంటే భయంగా ఉంది.

ప్రేమతో, అమ్మ

*

అక్టోబరు 19

ప్రియమైన అమ్మకి,

భయపడకు. మా గదిలో ఈమధ్య ఓ వింత చూశాం. ఆరుగురిలో ఒక్కడి చేత నిజం చెప్పిస్తే చాలు, ఏడోవాడికి ప్రాణం లేచొస్తుంది. ఇక ఎవరేమన్నా తను చూసిందే చెప్తాడు. నీకా ఒక్క తోడూ నేనే. సభ రోజుకి వచ్చేస్తాను. నీ పక్కనే కూచుంటాను. టేసీ టీచర్‌కి చెప్పు.

నీ ఎల్వుడ్

*

నవంబరు 10

ఎల్వుడ్,

భోజనమైనా చెయ్యకుండా రైలెక్కేశావు, అందుకే రాస్తున్నాను.

సున్నితమైన సంగతి కదా అని, సభ నడిపే హెన్షా పెద్దాయన బల్ల వెంట ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు. "ఒప్పుకుంటున్నాను." "ఒప్పుకుంటున్నాను." అలా నీ దాకా వచ్చింది. నువ్వు నిటారుగా కూచుని, ఎక్కడో చూస్తూ, వాళ్ళ గొంతుతోనే "ఒప్పుకుంటున్నాను" అన్నావు.

నీ తర్వాత నేను. నా కొడుకు, ఇందుకోసమే ఇంత దూరం వచ్చినవాడు, ఇలా అన్నాడంటే నాకు తెలియనిదేదో వీడికి తెలుసనుకున్నాను. నా నోటి వెంటా అదే మాట వచ్చింది. టేసీ ఉద్యోగం పోయింది. ఏం చేశావురా?

అమ్మ

*

నవంబరు 14

అమ్మా,

ఒట్టు, కావాలని అనలేదు. నెలన్నరగా రోజూ అదే పని. ముందువాళ్ళు ఏమంటే అది, అదే గొంతుతో. నా వంతు రాగానే నోరు దాని పని అది చేసేసింది. నీ ముఖం చూశాకే తెలిసింది. దిద్దుకుందామంటే గొంతు పెగల్లేదు. ప్రొఫెసర్ గారికి చెప్తే ఎంతో ఆసక్తిగా రాసుకున్నారు. నేను మాత్రం ఆ పని మానేశాను. ఇక నువ్వు ఒక్కదానివీ ఏం చేయగలవు? వదిలెయ్.

ఎల్వుడ్

*

డిసెంబరు 8

ప్రియమైన ఎల్వుడ్‌కి,

ఒట్టు పెట్టే దాకా వచ్చావన్నమాట. నన్నూ పరిశోధనలోకి ఎక్కించావన్నమాట. సరే.

నిన్న సభలో లేచాను. "పోయిన నెల నేను ఒప్పుకున్నానన్నది అబద్ధం. నా మనసు ఒప్పట్లేదు" అన్నాను. హెన్షా పెద్దాయన బల్లలన్నీ కలయజూసి, "కెజియా, నీతో ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. "ఎవరూ లేరు" అన్నాను.  ఆయన సభ పుస్తకం తెరిచి, టేసీని తీసేసిన తీర్మానం కొట్టేశాడు. మీ గదిలో ఏం తేలిందో గానీ, ఇక్కడ ఏ తోడూ లేకుండానే నా గొంతు పెగిలింది. ఇంటికొచ్చాక బాగా ఏడ్చాననుకో.

పరుగున వెళ్ళి టేసీకి చెప్పాను. సంతోషించింది. కానీ బడికి మాత్రం రానంది. "అంతమంది ఒప్పేసుకున్న చోట ఏ నమ్మకంతో పాఠం చెప్పను, కెజియా?" అంది. హెన్షా మీద గానీ, నా మీద గానీ కోపం లేదు. ఒకటే అడిగింది.

"ఎల్వుడ్ వచ్చాడట కదా. వాడు కాదన్నాడా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది నాయనా, నీ కోసం. మింగేసి, లేదన్నాను.

అమ్మ