నా టికెట్ ఎందుకు కొన్నట్టు?

చిరంజీవి మా అబ్బాయికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. మీరు నలుగురూ ఓడ దిగి క్షేమంగా ఇల్లు చేరారనీ, సముద్రగాలి పడక పిల్లలకి చేసిన జలుబు తగ్గిందనీ నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. ఫోటోలు అందాయి. పిడుగుగాడి టోపీ ముక్కు దాకా దిగిపోయింది, అంత పెద్దది ఎవరు కొన్నార్రా? చిట్టితల్లికి ముందు పన్ను ఊడినట్టుంది. ఆ ఫోటో షాపులో నా కుట్టుమిషను పక్కన గోడకి అంటించాను. వచ్చినవాళ్ళందరికీ అది చూపించి విసిగిస్తున్నానని మా ఓనరు సణుగుతున్నాడు.

ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే నేను నాలుగు మాటలు అనేలోపే నువ్వు "సరేలే అమ్మా" అంటావు. కాగితం మీద ఆ వీలుండదు, చివరిదాకా చదవాల్సిందే. కోడలి వెన్నునొప్పికి కుర్చీలో దిండు పెట్టుకోమను, నేను ఒకటి కుట్టి పంపుతాను. డాక్టరు చీటీ పంపమన్నావు కదా, ఆ సంగతి తర్వాత రాస్తాను.

షాపులో ఊపిరాడనంత పని. ఒక హోటలు వాళ్ళు గదులన్నిటికీ కర్టెన్లు మార్చమన్నారు. చవక గుడ్డ ఎంచుకున్నారు, అది మాత్రం ఖరీదైనదానిలా బరువుగా వేలాడాలట. "అది గుడ్డని బట్టి ఉంటుంది గానీ నా కుట్టుని బట్టి ఉంటుందా సార్" అన్నాను. హోటలు మేనేజరు నవ్వాడు, రేటు మాత్రం పెంచలేదు.

"చిన్న ఓడ తీసుకోవడమే మంచిదైంది కదమ్మా" అని రాశావు. ఆ ఓడ ఎంచడానికి మనం ఎన్ని ఆదివారాలు ఫోన్లో తలలు బద్దలు కొట్టుకున్నామో! పెద్ద కంపెనీ ఓడ ఖరీదు వింటే నాకు కళ్ళు తిరిగాయి. కానీ అందులో తిండీ, ఆటలూ, పిల్లల్ని సాయంత్రాలు చూసుకునే ఆయాలూ అన్నీ టికెట్‌లోనే కలిపి ఉన్నాయి. చిన్న కంపెనీది చవకే, కానీ నిమ్మరసం అడిగినా విడిగా బిల్లు వేస్తారు, సాయంత్రం పిల్లల్ని చూసేవాళ్ళు లేరు. "ధర చూడకురా, ఆ ధరకి చేతికొచ్చేది ఏమిటో చూడు, నీ చిన్నప్పుడు మనిద్దరం చెప్పుల షాపులో చూసినట్టు" అని నేనే నూరిపోశాను. పెద్దదే నయమని కూడా అన్నాను. నువ్వు రెండు రోజులు ఆలోచించి, "చిన్నదే తీసుకుందాం. మిగిలినదాంతో నీకూ టికెట్ కొంటాను. ఇది మా కానుక అనుకో" అన్నావు.

ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు. టికెట్లు బుక్ చేసిన ఆఫీసు మా వీధి చివరిదే కదా. దాని కర్టెన్లు కుట్టింది నేనే, ఆ ఆఫీసు పేరు నీకు చెప్పిందీ నేనే. ప్రయాణం ఇంకో వారం ఉందనగా సంతకం పెట్టడానికి రమ్మన్నారు. టికెట్లమ్మే అమ్మాయికి నేనంటే ఇష్టం. కుర్చీ లాగి కూర్చోబెట్టి, గదులెక్కడో బొమ్మ గీసి చూపించింది. నీకూ కోడలికీ బాల్కనీ ఉన్న గది. పిల్లలతో నాకు లోపలివైపు గది, కిటికీ లేనిది.

"పర్లేదమ్మా, నిద్రపోవడానికి కిటికీ ఎందుకు?" అన్నాను.

"మీ అబ్బాయిగారి తెలివికి మెచ్చుకోవాలి ఆంటీ. పెద్ద ఓడకీ దీనికీ ఉన్న తేడా చాలావరకు ఆ ఆయాలదే. దీంట్లో మీ టికెట్ కలిపినా ఎంత మిగిలిందో! సాయంత్రాలు పిల్లలు మీ దగ్గర, వాళ్ళిద్దరూ హాయిగా డిన్నర్లకీ, డాన్సులకీ. నేను ఎవరికైనా ఇప్పుడు ఇదే ఐడియా చెప్తున్నాను" అంది.

నా మొహం చూసి ఏదో పొరపాటు మాట్లాడానని ఆ పిల్ల కంగారుపడింది. "మీకు తెలుసనుకున్నాను ఆంటీ" అంది. నేను వెంటనే "తెలుసులే, మేమిద్దరం కలిసే కదా లెక్కేసింది" అన్నాను. పరాయి పిల్ల ముందు నీ పరువు నేను తీయలేను కదా. అప్పుడు ధైర్యం వచ్చి ఇంకో మాట కూడా చెప్పింది. "ఫోన్లో బుక్ చేస్తున్నప్పుడు మీ కోడలుగారు ముందు అత్తయ్యగారిని అడుగుదాం అన్నారు ఆంటీ. మీ అబ్బాయిగారే, అడిగేదేముంది, అమ్మ ఎగిరి గంతేసి వస్తుంది అన్నారు."

నిజం చెప్పనా, ఆ మాట వినేదాకా నేను మనసులో కోడల్నే తిట్టుకుంటున్నాను. ఇదంతా దాని ఆలోచనే అయ్యుంటుంది, నా కొడుకు అమాయకుడు అనుకున్నాను. ఆ పిల్ల ఆ వీలు కూడా లేకుండా చేసింది. తల కొట్టేసినట్టయింది. బేరమాడటం నీకు నేర్పింది నేనేరా. ఆ బేరంలో నన్నే తూకానికి పెడతావని మాత్రం అనుకోలేదు.

పిల్లల్ని చూసుకోవడం నాకు బరువు అనుకోకు. "అమ్మా, సాయంత్రాలు వీళ్ళతో వేగలేకపోతున్నాం, నువ్వుంటే మాకు ఊపిరి తీసుకునే వీలుంటుంది, వస్తావా?" అని ఒక్క మాట అడిగి ఉంటే కిటికీ లేని గదిలో నేల మీద పడుకోవడానికైనా వచ్చేదాన్ని. నువ్వు అడగలేదు. కానుక అన్నావు. నేను నమ్మాను. షాపంతా చెప్పుకున్నాను. నీలం రంగు గౌను కుట్టుకున్నాను, ఓడ మీద వేసుకోవాలని, ఈ వయసులో! ఆ గౌను తలుచుకుంటేనే నాకు సిగ్గేస్తోంది.

ఇక డాక్టరు చీటీ. నాకు మోకాలి నొప్పి వచ్చిందని ఆయన రాసిస్తే నా టికెట్ డబ్బు ఇన్సూరెన్సు వాళ్ళు తిరిగి ఇస్తారన్నావు. ఆ చీటీ రాదు. నా మోకాలికి ఏమీ కాలేదు, నీతో అబద్ధం ఆడాను.

ప్రయాణం రోజు పొద్దున్న నువ్వు మా ఊళ్ళో రైలు దిగి ఫోన్ చేసినప్పుడు మోకాలు పట్టేసింది, రాలేను అన్నాను. నాకో పిచ్చి ఆశ ఉండింది. ఓడ సాయంత్రం కదా కదిలేది. స్టేషన్ నుంచి మా ఇంటికి టాక్సీలో పావుగంట. కొడుకు ఒక్కసారి వచ్చి చూస్తాడు, చూస్తే చాలు, కోపం మరిచిపోయి వెంట వెళ్ళిపోదాం అనుకున్నాను. నువ్వు "ఎలాగోలా రాలేవా అమ్మా, పిల్లల సంగతేంటి మరి?" అన్నావు. తర్వాత ఫోన్ లేదు. తలుపు తీసి పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. పాపం వాడికి వీలు కాలేదేమో, నేనే వెళ్తే పోలా అనిపించింది. పెట్టె తీసుకుని టాక్సీ ఎక్కాను.

అవును, రేవుకి వచ్చాను. లోపల హాల్లో కౌంటరు దగ్గర నువ్వు, నీ వెనక పిల్లలు. స్తంభం ఇవతల నేను. పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే కౌంటరు అతన్ని నువ్వు, "సాయంత్రాలు పిల్లల్ని చూసుకోవడానికి మనిషెవరైనా దొరుకుతారా? రోజుకెంత?" అని అడిగావు. అతను చెప్పిన అంకె విని, "అమ్మ వచ్చుంటే ఈ దండగ తప్పేది" అన్నావు. కోడలు, "ముందు ఆవిడ ఎలా ఉన్నారో చూసొద్దాం పదండి, ఇల్లు దగ్గరే కదా" అంది. నువ్వు గడియారం చూసుకుని, "ఇప్పుడెందుకు, వచ్చాక చూద్దాంలే" అన్నావు. పిడుగుగాడు నేల మీద బొమ్మకారు తోసుకుంటున్నాడు. ఇంకాస్త ముందుకు తోస్తే నా కాలికి తగిలేది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

అది జరిగినప్పట్నుంచీ నన్ను తొలిచేస్తున్నది టికెట్ కాదు. కానుక అని నువ్వన్న రోజు గుర్తుందా? ఏడుస్తూ, "జన్మలో నన్నెవరూ ఇలా తలుచుకోలేదురా" అన్నాను. మీ నాన్నని కూడా తక్కువ చేసి అన్నాను ఆ మాట. నువ్వు "అదేంటమ్మా, నీకు ఆ మాత్రం చేయనా" అన్నావు. అప్పుడైనా ఆపాల్సింది. నీకు చెందని ఆ మాట నా దగ్గర పుచ్చుకున్నావు. టికెట్ డబ్బు పోతే పోనీ, అది నేనే ఇస్తాను. ఆ మాట నాకు ఎలా తిరిగి ఇస్తావో చెప్పు.

సెలవుల్లో పిల్లల్ని పంపు, ఎన్నాళ్ళయినా ఉంచుకుంటాను. కోడలు తోడు వస్తే మరీ సంతోషం. నువ్వు మాత్రం ఇప్పుడే రావద్దు నాన్నా. వస్తే నిన్ను చూసి నవ్వేస్తాను, నువ్వు అంతా సర్దుకుందనుకుంటావు.

ఇట్లు,
నిన్ను ఇంకా క్షమించని,
మీ అమ్మ