ఎడమకి తిరిగిన నాలిక చేప

5 జనవరి 1997, ఆదివారం

ఈరోజు ఒక పుస్తకం చూశాను. కొనలేదు. కొనగలిగి ఉంటే ఇప్పుడు ఈ డైరీ రాస్తూ ఉండేదాన్ని కాదు, దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

జగదాంబ సెంటర్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్ప. పుష్ప గైడ్ వెతుక్కుంటోంది. పుష్ప నా క్లాస్‌మేట్, గోపాలపట్నం నుంచి వస్తుంది, దానికి జువాలజీ అంటే జ్వరం. నా చేతికి అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం తగిలింది. పేజీకి ఒక చేప. ఫోటోలు కావు, గీసినవి. ఒక్కో పొలుసూ విడివిడిగా. చందువా చేప పొట్ట మీద వెలుగు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే ఆగింది. ప్రతి బొమ్మ కిందా ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, గీసినవాడి పేరు. పక్కన 'ఫ్రమ్ లైఫ్' అని.

అంటే చేపని ఎదురుగా పెట్టుకుని గీశాడన్నమాట. నాకు ఒళ్ళు మండింది.

నేను పుట్టింది యారాడ ఒడ్డున. మా నాన్న దాలయ్య వేటకి వెళ్తాడు, మా అమ్మ చిట్టమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముతుంది. చేపల మధ్యే పెరిగి ఇంతవరకు ఒక్క చేపనీ ఎదురుగా పెట్టుకుని గీయలేదు. గీసినవన్నీ కాపీలే. బి.ఎస్సీ. రెండో సంవత్సరం జువాలజీ రికార్డులు నాది కాక ఇంకో పదకొండు మందివి నేనే గీసిపెట్టాను. సీనియర్ల రికార్డు పక్కన పెట్టుకోవడం, దించడం. దువ్వాడలో మా కాలేజీలో అందరూ చేసేది అదే. ఆ సీనియర్లు వాళ్ళ సీనియర్లవి దించారు. గౌరీశ్వరి చెయ్యి ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకుంటారు. చెయ్యే బాగుంది. కళ్ళు ఏ గట్టున మేస్తున్నాయో.

6 జనవరి, ఉదయం 6

షిప్పింగ్ కంపెనీల పాత క్యాలెండర్లు పోర్టులో పనిచేసే మామయ్య తెచ్చిపడేస్తాడు. ముందు ఓడ, వెనక తెలుపు. మందంగా, పెన్సిల్ బాగా పట్టే కాగితం. పన్నెండు నెలలూ కలిపి వల దారంతో కుట్టాను. నా స్కెచ్‌బుక్.

అమ్మ గంప సర్దుతుంటే ఒక గులివింద చేప తీసి గీయడం మొదలుపెట్టాను. ఎర్రటి ఒళ్ళు, గడ్డం కింద రెండు మీసాలు. "ఏటే, సేపకి పటం దింపుతన్నావేటి? అదేటి పెళ్ళికెలతాదా?" అని అమ్మ. సగంలో లాక్కుంది, బస్సు తప్పిపోతుందని. ఒడ్డుకొచ్చిన కాసేపటికే ఆ ఎరుపు మారిపోతుందని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. చూడడం మాత్రం ఇవాళే చూశాను.

12 జనవరి, ఆదివారం

గులివింద, కానాగంత, నెత్తళ్ళు, పారలు. ఆరు పేజీలు నిండాయి.

నాన్న ఈరోజు వలలోంచి విడిగా ఏరిన నాలుగు చేపలు నా ముందు పడేసి, ఇవి ఎవులూ కొనరు, గీసుకో అని వెళ్ళి పడుకున్నాడు. అందులో ఒకటి నాలిక చేప.

అదే రోజు, మధ్యాహ్నం

నాలిక చేప ఆకులా బల్లపరుపుగా ఉంటుంది. ఇసకలో పడుకుంటుంది. రెండు కళ్ళూ ఒకే పక్క. రెండో పక్క తెల్లగా, గుడ్డిగా. మా సిలబస్‌లో ఉంది, సైనోగ్లాసస్. గీసి, ఊరికే రికార్డు తెరిచి పక్కన పెట్టాను.

నా బొమ్మలో తల ఎడమకి ఉంది. రికార్డులో కుడికి ఉంది.

నేనే తప్పు పెట్టాననుకుని తిప్పి చూశాను. కళ్ళు పైకి, పొట్ట నా వైపు పెడితే తల ఎడమకే వస్తుంది. తల కుడికి రావాలంటే పొట్ట అవతలికి పోతుంది, లేదా కళ్ళు కిందికి పోతాయి. మిగతా చేపలకి రెండు పక్కలా కళ్ళే కాబట్టి ఎటు తిప్పి గీసినా తప్పులేదు. దీనికి అలా కుదరదు.

అమ్మని అడిగాను, దీని కళ్ళు ఏ పక్క ఉంటాయని. తలెత్తకుండానే "ఎడం పక్క. నీకు తెల్దా? కాలేజీ సదువుతన్నావు" అంది.

రికార్డులో ఉన్నది ఈ సముద్రంలో లేని చేప. దాన్ని పన్నెండు సార్లు గీశాను. పరాయి ఊరిదాన్ని కాదు, చిట్టమ్మ కూతుర్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

20 జనవరి

పన్నెండు రికార్డులూ లేసులు విప్పి ఆ పేజీ తీసేసి మళ్ళీ గీశాను. ఎవర్నీ అడగలేదు. సంతకాలకి ఇచ్చేశాను.

29 జనవరి, బుధవారం

పన్నెండింటికీ ఎర్ర సిరా. 'డయాగ్రామ్ రాంగ్. కాపీ ప్రాపర్లీ.' సంతకం లేదు.

సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి రానివ్వరు. ప్రాక్టికల్స్ పోతే ఏడాది పోయినట్టే.

స్టాఫ్ రూముకి వెళ్ళి, ఆ ఎర్ర సిరా పెట్టిన మా జువాలజీ పద్మావతి మేడమ్‌కి చెప్పాను. చేప అలాగే ఉంటుందండీ, మా ఇంట్లో రోజూ చూస్తాను అని. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు నీ ఇంటి సంగతులు పనికిరావమ్మా అంది. అన్నారు అని రాయాలి. రాయను, ఇది నా డైరీ. ల్యాబ్‌లో సీసా ఉంది కదా, వెళ్ళి చూసుకో అంది.

చూశాను. ఫార్మలిన్‌లో పాలిపోయిన నాలిక చేప, తెల్ల పక్క గాజుకి అంటుకుని ఉంది. కళ్ళున్న పక్క గోడకేసి. ఎవరు ఎన్నిసార్లు చూసినా కళ్ళు కనిపించే ప్రసక్తే లేదు. సీసా తెరవమని అటెండర్ జగ్గారావు గారిని అడిగితే, "నాను సేరిన కాణ్ణించీ దాని మూత తియ్యనేదమ్మా. తీస్తే నన్ను తీసేత్తారు" అన్నారు.

30 జనవరి

పుష్ప ఏడ్చింది. క్లాసులో పదకొండు మంది నా చుట్టూ చేరారు. నీ సేప పిచ్చికి మా సదువులు బలెట్టేత్తావేటి అని పుష్ప. ఈ ఏడాది పోతే దాని నాన్న చదువు మానిపించేస్తాడు. అబద్ధం కాదు, వాళ్ళక్కకి అదే జరిగింది.

దాని కోపం న్యాయమే. నేను అడక్కుండా వాళ్ళ పేజీలు మార్చాను.

పదకొండు రికార్డులూ తెచ్చుకుని మళ్ళీ కుడికి గీసి ఇచ్చేశాను. ఈసారి తెలిసి గీశాను.

నాది మార్చలేదు. మార్చను.

3 ఫిబ్రవరి

పదకొండింటికీ సంతకాలయ్యాయి. నాదొక్కటే మిగిలింది. 12వ తేదీ ఆఖరు. మూర్ఖత్వానికి మందు లేదంది మేడమ్. దానికి మాత్రం ఒప్పుకున్నాను.

5 ఫిబ్రవరి, బుధవారం

టిఫిన్ బాక్సులో ఐసు వేసి నాలిక చేపని కాలేజీకి తీసుకెళ్ళాను. సింధియా స్టాపు దాటేసరికి ఐసు కరిగి కారింది. కండక్టర్ దిగమన్నాడు. పాస్ చూపించి, చేపకి కూడా టిక్కెట్ కొట్టమన్నాను. బస్సంతా నవ్వారు. దిగలేదు.

ల్యాబ్‌లో బాక్సు తెరిచాను. మేడమ్ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండు గజాల అవతల నుంచే చూసింది. ఒక చేప రుజువు కాదంది. లక్షకొకటి తారుమారుగా పుట్టొచ్చు, సైన్సులో ఒక శాంపిల్‌తో ఏదీ తేలదు అంది.

ఆ మాట నిజమే. అదే ఇంకా మండింది.

6 ఫిబ్రవరి

అమ్మకీ నాన్నకీ అంతా చెప్పాను. అమ్మ గంప కడుగుతూనే ఉంది.

10 ఫిబ్రవరి, సోమవారం, సాయంత్రం 6

మరిచిపోకముందే అంతా రాసేస్తాను.

పదకొండింటికి ల్యాబ్ జరుగుతోంది. గుమ్మంలో అమ్మ. నెత్తిన గంప, అంచుల్లోంచి నీళ్ళు. వాచ్‌మన్ వెనకాల పరిగెత్తుకొస్తున్నాడు. వద్దన్నవాడిని ఏమందో ఏమో, వాడు గుమ్మం బయటే ఆగిపోయాడు. నాకు బల్ల కింద దూరిపోదామనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

"మేడంగోరూ, నాను చిట్టమ్మని. ఈ పిల్ల తల్లిని. ఒక సేప సాలదన్నారట" అని గంప దించింది. తడి గోనె తీసింది. అన్నీ నాలిక చేపలే. నాన్న నాలుగు రోజులుగా తన వలలోవీ, ఊళ్ళో మిగతా వాళ్ళ వలలోవీ ఏరి, ఐసులో పెట్టించాడట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. డిసెక్షన్ బల్ల మీద గోనె పరిచి, కళ్ళు పైకి, పొట్టలు తన వైపు పెట్టి అమ్మ వరసగా పేర్చింది. ముప్పై ఏడు. ముప్పై ఏడు తలలూ ఎడమకే.

మేడమ్ ఫోర్సెప్స్ తీసుకుని ఒక్కోదాన్నీ తిప్పి చూడడం మొదలుపెట్టింది. "సేత్తో ముట్టుకోండమ్మా, కరవదు. సచ్చిపోయింది" అని అమ్మ. పుష్ప కిసుక్కుమంది. మేడమ్ ఎవరి వైపూ చూడలేదు. పదో చేప దగ్గర ఫోర్సెప్స్ జారింది. అది పక్కన పెట్టి వేలితో తిప్పింది. చివరిదాకా చూసింది, ఒక్కటి కూడా వదల్లేదు.

మరి సంతకం ఎట్టీండి అంది అమ్మ. మేడమ్ చేతులు కడుక్కుని, రేపు స్టాఫ్ రూముకి రా అని నాకు చెప్పి వెళ్ళిపోయింది.

చేపల్ని హాస్టల్ వంటావిడకి ఇచ్చేసి అమ్మ బస్సెక్కింది. ఎక్కుతూ, "మీ మేడం మంచిదే. అన్నీ సూసింది. నాకైతే అంత ఓపిక నేదు" అంది.

11 ఫిబ్రవరి

మేడమ్ ఇంటి నుంచి ఒక పాత రికార్డు తెచ్చింది. అట్ట మీద ఆమె పేరు, 1974, మా కాలేజీయే. నాలిక చేప పేజీ తెరిచింది. తల కుడికి. కింద వాళ్ళ మేడమ్ సంతకం, 'వెరీ గుడ్'.

ఇంతకాలం అందరూ దించింది ఆ బొమ్మే.

లైబ్రరీ పుస్తకంలోంచి బటర్ పేపర్ మీద ట్రేస్ చేసిందట. రికార్డు మీదకి దించేటప్పుడు పెన్సిల్ గీతలు కాగితానికి ఆనేలా బోర్లా పెట్టి రుద్దిందట. బోర్లా పెడితే బొమ్మ తిరగబడుతుంది. పీతకీ, కప్పకీ, మామూలు చేపకీ అలా తిరగబడినా నష్టం లేదు. దీనికే ఉంది. వాళ్ళింట్లో చేప గడప తొక్కదు. నిన్నటిదాకా ఒక్క పచ్చి చేపనైనా చేత్తో పట్టుకోలేదని చెప్పింది. ఇరవై ఏళ్ళుగా చేపల పాఠం చెబుతోంది. నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నా రికార్డు తీసి సంతకం పెట్టబోయింది. ఈ సంగతి మన మధ్యే ఉండనీ, మిగతావాళ్ళవి అయిపోయాయి కదా, వచ్చే ఏడాది నుంచి మారుద్దాం అంది.

రికార్డు మీద చెయ్యి అడ్డం పెట్టాను. నా ఒక్కదానికే వద్దన్నాను. క్లాసులో నలభై మందికీ మారిస్తేనే నాకూ పెట్టండి అన్నాను. లేకపోతే పదకొండు మందికి తప్పు చేప గీసి ఇచ్చినదాన్ని నేనే అవుతాను. పుష్పకి సంతకం పెట్టింది మీరే, ఆ తప్పు దిద్దాల్సిందీ మీరే అన్నాను.

పెన్ను మూత పెట్టేసింది. ప్రాక్టికల్స్ రెండు వారాల్లో ఉన్నాయంది. నేను గీస్తానన్నాను. రేపే ఆఖరు కదా అంది. ఆ తేదీ పెట్టింది మీరే కదండీ అన్నాను.

తన పాత రికార్డు మూసేసింది. తర్వాత, అందరి రికార్డులూ పోగుచెయ్యి అంది.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఇరవై ఎనిమిది అయ్యాయి. ఒక్కటీ దించలేదు. నాన్న తెచ్చిన కొత్త చేపని ముందు పెట్టుకునే గీస్తున్నాను. అది ఎండిపోతే ఇంకోటి.

పుష్ప తనది తనే గీస్తానని యారాడ వచ్చింది. దాని చేప బంగాళాదుంపలా ఉంది. తల ఎడమకే ఉంది. దానికే సంతకం పెట్టించుకుంటానని మొండికేసింది. నా జబ్బు దీనికి అంటుకుంది.

25 ఫిబ్రవరి

ప్రాక్టికల్స్ అయ్యాయి. ఎగ్జామినర్ నా రికార్డు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగాడు. పోయినేడు మీ రికార్డుల్లో ఇది కుడికి ఉందే అన్నాడు. నేను నోరు తెరిచేలోపు పద్మావతి మేడమ్, అది నా తప్పు, ఇరవై మూడేళ్ళ తప్పు, ఈ అమ్మాయి దిద్దింది అన్నారు. మొత్తం ల్యాబ్‌కి వినపడేలా అన్నారు. జగ్గారావు గారు సీసా మూత తీసి, చేపని ఇటు తిప్పి పెట్టారు.

9 మార్చి, ఆదివారం, ఉదయం 8

మేడమ్ యారాడ వచ్చారు. ఒడ్డున చాప వేసుకుని కూర్చుని, ఎడమ చేత్తో నాలిక చేపని పట్టుకుని గీశారు. సంతకం పెట్టమని నాకిచ్చారు. పైరెక్కా కిందిరెక్కా తోకతో కలవాలి, ఆవిడ బొమ్మలో కలవలేదు.

పెట్టలేదు. మళ్ళీ గీస్తున్నారు.