పెట్టె భుజం మీద ఉండగా

బుధవారం

పొద్దుటినుంచీ ముసురు. కొబ్బరికాయల వలుపు మధ్యలో ఆపించి, మా క్వయర్ వాళ్ళతో ప్రకాశం గారింటికి వెళ్ళాను. ఆయన శవపెట్టెను బయటికి తెచ్చేటప్పుడు పాడడం మా పని.

కొడుకులు, అల్లుళ్ళు పెట్టె ఎత్తుకోగానే మొదలుపెట్టాం. శ్రుతి బాగా తగ్గిపోయింది, ఆడవాళ్ళ గొంతులు వినపడడం లేదు. చెయ్యెత్తి ఆపేశాను. పాట ఆగడంతో మోసేవాళ్ళు కూడా గుమ్మంలోనే ఆగిపోయారు. నేను చూసుకోలేదు. ప్రాక్టీసులో లాగానే "అలా కాదు, పైకి ఎత్తుకోండి" అని శ్రుతి అందించాను. కుదరలేదు. మళ్ళీ అందించాను.

"బాబాయిగారూ, బరువుగా ఉందండి," అన్నాడు పెద్దకొడుకు జాన్. గొంతులో విసుగు లేదు. వాకిట్లో ఏడుపులు కూడా ఆగిపోయి, అందరూ నన్నే చూస్తున్నారు.

తర్వాత పాట కుదిరింది. సమాధుల దొడ్డిలో పాస్టరుగారు నా దగ్గరికొచ్చి, "చాలా బాగా పాడేరండి," అన్నారు. "ఆయ్" అన్నాను. జాన్ పక్కనే నిలబడి ఉన్నాడు. అయినా ఆ మాటకి నాకు లోపల సంతోషం వేసింది. గుమ్మంలో చేసినదానికన్నా అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

రేపు పొద్దున్నే వెళ్ళి జాన్‌తో ఒక మాట చెప్పుకోవాలనుకున్నాను. అతను పనిచేసే మస్కట్‌లో సెలవు ఇంక ఇవ్వలేదట. చీకటి పడకముందే వెళ్ళిపోయాడు.