కార్జంలో నీటిబుగ్గలు

మంగళవారం రాత్రి

నా భార్య లక్ష్మి ఆపరేషన్ బాగానే అయింది. అండాశయం మీద గడ్డలు తీశారు. వాటి పక్కనే నీటిబుగ్గలు దొరికాయని డాక్టరమ్మ తట్టలో చూపింది. తెల్లని ద్రాక్షపండ్లలా మెరుస్తున్నాయి. నా మటన్ దుకాణంలో గొర్రెల కాలేయాల్లో ఎన్నోసార్లు చూసినా, అంత అందంగా ఉంటాయని ఇన్నాళ్లూ గమనించలేదు.

"ఇవి కుక్కల కడుపుల ఉండే పురుగుతోని వస్తయి తాతా. గొర్రె కార్జంల బుగ్గలుంటే ఏం చేస్తరు మీరు?"

"కోసి దుకాణం కాడి కుక్కలకేస్త."

"ఆ బుగ్గలు తిన్న కుక్కల కడుపులనే ఆ పురుగు పెరుగుతది తాతా, దాని గుడ్లు వాటి బొచ్చుకంటి మనుషుల నోట్లకు పోతయి." నాకు అర్థమైంది. మోండా మార్కెట్లో బుగ్గలున్న కార్జం ఒక్క గిరాకీకి కూడా అమ్మలేదని ఛాతీ విరుచుకొని తిరిగినవాణ్ణి. ఆ కుక్కలను ఒళ్లో పడుకోబెట్టుకొని నిమిరి, అదే చేత్తో అన్నం తినేది లక్ష్మి.

సాయంత్రం మత్తులోనే కండ్లు తెరిచింది. కిటికీ ఎండ పసుపు నీళ్లలా మంచమంతా పారుతోంది. ఆమె అందులో తేలుతున్నట్టు అనిపించింది. పెండ్లయినకాడి నుంచి ఆమె ముందు తప్పు ఒప్పుకున్నది లేదు. చెప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలియదు. అయినా చెప్పేశాను.

"నాతోనే వచ్చింది నీకీ రోగం. బుగ్గల కార్జం కుక్కలకేసింది నేనే."

 తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకైతే గోలీలిస్తరు. మరి ఆ కుక్కలకెవరిస్తరయ్యా?" అని మళ్లీ నిద్రలోకి జారింది.

రేపు పొద్దున పశువుల డాక్టరు దగ్గరికి పోవాలి. నేనే అంటించిన రోగానికి కుక్కలకు గోలీలు ఏమని అడగాలో...