రెండు బైనాక్యులర్ల తీర్పు

నార్పోలి, భివండి
6 మార్చి 2004

మా ఆర్తికి,

ఇన్నేళ్లుగా రాసిన పిలుపు కాబట్టి అలవాటుగా వచ్చేసింది. ఈసారి అందులో ప్రేమ వెతక్కు.

మీ మరాఠీ పత్రిక నిన్న పుణె నుంచి వచ్చింది. అమ్మ కవరు విప్పి, నా పేరు చూసి మురిసిపోయింది. నేను చదివాక అన్నం తినలేకపోయాను.

జనవరిలో నువ్వేగా రెండు బైనాక్యులర్లు పంపింది? నల్లది జర్మనీది, పది రెట్లు దగ్గరగా చూపించేది. ఆకుపచ్చది జపానుది, ఎనిమిది రెట్లది. ఒకటి జారిపడితే మా ఇంట్లో పెళ్లి ఆగిపోయేంత ఖరీదైనవి. "పిట్టలు చూసేవాళ్లకు ఏది మేలో నిజంగా రాయి, నీ కళ్ల మీద నాకు నమ్మకం" అన్నావు. నేను నమ్మాను. బడికి వెళ్లేముందు రోజూ తెల్లవారగానే మాన్కోలి గోదాముల వెనక, సముద్రపు నీరు పాయగా వచ్చే ఖాడీ గట్టు మీద నిలబడ్డాను. మా నాన్న లక్ష్మీనర్సయ్య బట్ట తాను విప్పి బల్ల మీద పరిచి తెగిన పోగు వెతికినట్టు, ఆ రెండింటిలో లోపాలు వెతికాను.

నల్లదాని మంచి కూడా దాచలేదు. ఎండెక్కాక, గాలి లేనప్పుడు, కొంగ మెడ మీది ఈకలు విడివిడిగా చూపిస్తుంది. కానీ ఖాడీ మీద గాలి లేని రోజేది? చెయ్యి కొంచెం వణికితే దానిలో పిట్ట పది రెట్లు వణుకుతుంది. పొద్దున్నే మసకగా ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే అంచున నల్లటి నెలవంక అడ్డం వస్తుంది. చక్రం తిప్పి తిప్పి బొమ్మ తేటపడేసరికి పిట్ట ఎగిరిపోతుంది. ఆకుపచ్చది అలా కాదు. చీకటి విడుతుండగానే బురద మీద ఉల్లంకి పిట్టల్ని లెక్కపెట్టగలిగాను. ఎగిరే పిట్టను వదలకుండా పట్టుకుంటుంది. అందుకే ఆకుపచ్చదే మేలని రాశాను.

మీరు అచ్చు వేసిందేమిటి? "నల్లదానికి సాటి లేదు." కింద నా పేరు! పత్రిక వెనక అట్ట మీద నల్లదాని ప్రకటన. కంతలున్న తానుకు ముద్రకొట్టి అమ్మినట్టు, నా పేరును ముద్రగా కొట్టారు.

దాన్నైనా ఓర్చుకునేదాన్నేమో. నన్ను పరిచయం చేస్తూ నువ్వు రాసిన వ్యాసం రెండో పేరాలో ఏముంది? "మగ్గాల మధ్య పెరిగి వినికిడి పోగొట్టుకున్న ఈ ఉపాధ్యాయురాలు, పిట్ట ముక్కు తెరవడాన్ని చూసి కూత అని గుర్తిస్తుంది."

ఆర్తీ, ఆ మాట ఈ లోకంలో నీ ఒక్కదానికే తెలుసు. రెండేళ్ల కింద మనిద్దరం పిట్టల లెక్క తీస్తుండగా ఆ గట్టు మీదే తీతువు మన నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే నువ్వు చెవులు మూసుకున్నావు. నీ చేతులు చూసి నేను తలెత్తాను. నువ్వు అడిగావు, నేను ఏడుస్తూ చెప్పాను. ఎవరికీ చెప్పనని నా చెయ్యి పట్టుకున్నావు. మా ఇంటి కింద మరమగ్గాలు నడుస్తుంటాయి కాబట్టి మేమంతా అరుచుకునే మాట్లాడుకుంటాం. అందుకే అమ్మకు గానీ, అన్నయ్య ముఖేష్‌కు గానీ నా సంగతి తెలియలేదు. ఇప్పుడు పత్రిక చదివే ప్రతివాళ్లకూ తెలుసు.

నా తీర్పు నేను రాసినట్టు అచ్చు వెయ్యండి. లేదంటే నాకు ఉత్తరం రాయకు.

నమ్రత


నార్పోలి
21 మార్చి 2004

ఆర్తికి,

నీ జవాబు చదివాను. తీర్పు మార్చింది సంపాదకుడట, నీకు తెలిసేసరికి పేజీలు అచ్చుకు వెళ్లాయట. మరి తెలిసిన రోజే నాకు ఎందుకు రాయలేదు? చెవుల సంగతి మాత్రం నువ్వే రాశానన్నావు. "నువ్వు మాకంటే ఎంత బాగా చూస్తావో అందరికీ తెలియాలని గర్వంతో రాశాను" అన్నావు. ఆ గర్వం నీది, చెవులు నావి. అడగాలని ఒక్కసారైనా అనిపించలేదా?

నీ గర్వం ఏం చేసిందో విను. సోమవారం మా హెడ్‌మాస్టర్ హనుమాండ్లు సారు నన్ను ఆఫీసులోకి పిలిచారు. బల్ల మీద మీ పత్రిక ఉంది.

"మేడం, ఇది నువ్వేనా?"

"నేనే సార్."

"పిల్లలు ఏమడుగుతున్నరో నీకు ఇనవడుతదా?"

"దగ్గరుంటే వినపడుతుంది సార్. పెదాలు చూసి..."

"యాభై మంది పోరగాండ్లు. ఎందరి పెదవులు సూస్తవమ్మా? రేపు తల్లిదండ్రులచ్చి అడిగితే నేనేం జెప్పాలె?"

ఆ రోజే నా ఏడో తరగతి ఇంకొకరికి ఇచ్చారు. నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి దరఖాస్తులు సర్దమన్నారు. పిల్లలు కిటికీలోంచి నన్ను చూసిపోతున్నారు. పదకొండేళ్లు పాఠం చెప్పినదాన్ని, జంతుప్రదర్శనశాలలో జంతువునయ్యాను.

ఇంట్లో అమ్మ రెండు రోజులు నాకు ఎదురుపడకుండా తిరిగింది. మూడో రోజు పక్కన కూర్చుని, నా ముఖాన్ని తనవైపు తిప్పుకుని అంది: "నాకెందుకు జెప్పలేదే బిడ్డా? చిన్నప్పుడు నిన్ను నూలు కండెలు చుట్టే మిషిని కాడ నేనే గూసోబెట్టుకుంటి. అప్పుడే పోయినయో ఏమో. నా పాపమేనా గిది?" ముప్పై నాలుగేళ్ల బిడ్డ ముందు మా అమ్మ శాంతాబాయి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఇది కూడా నీ వ్యాసం చలవే.

నేను నిర్ణయం తీసుకున్నాను. బడికి రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఖాడీకి ఇక వెళ్లను. రెండు బైనాక్యులర్లూ పార్సెల్‌లో పంపిస్తున్నాను. వాటి సంచులు తుడిచి మరీ పెట్టాను, మీ ప్రకటనదారుడికి మరక కనిపించకూడదు కదా.

నమ్రత


నార్పోలి
18 ఏప్రిల్ 2004

ఆర్తీ,

ఇక రాయకూడదనుకున్నాను. కానీ నీకు చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటి జరిగింది.

ముందు నీ సంగతి. సవరణ చూశాను. ఆకుపచ్చదే మేలని, ఎందుకో నా మాటల్లోనే వేశారు. "ఆమె అనుమతి లేకుండా ఆమె వినికిడి గురించి రాయడం నా తప్పు" అని నీ పేరు పెట్టి రాశావు. దాని కోసం సంపాదకుడితో ఎంత పోట్లాడి ఉంటావో ఊహించగలను. అయినా నా కోపం పోలేదు. అచ్చులో పడ్డది తిరిగి మన ఇద్దరి మధ్య మాట కాలేదు.

ఇక నా సంగతి. రాజీనామా కాగితం తీసుకుని హనుమాండ్లు సారు దగ్గరికి వెళ్లాను. ఊరికే ఇచ్చి రావడానికి మనసొప్పలేదు. నేనేమిటో ఆయన చూడాలని పట్టుదల పుట్టింది. పదకొండేళ్ల పిట్టల లెక్కల పుస్తకాలన్నీ మోసుకెళ్లి, ఆ కాగితంతో పాటు బల్ల మీద పడేశాను. "సార్, చెవులున్న వాళ్లెవరైనా ఇంత జాగ్రత్తగా చూశారేమో చెప్పండి" అన్నాను. గొంతు ఎంత పెరిగిందో, గుమ్మం దగ్గరికి ప్యూన్ వచ్చి నిలబడ్డాడు.

ఆయన నిదానంగా పేజీలు తిప్పారు. తేదీ, పిట్ట, ఎన్ని, ఎక్కడ, కూత. ఆ చివరి గడి దగ్గర ఆయన వేలు ఆగింది.

"గీ కూతలన్నీ నువ్వు ఇన్నయేనా?"

అవునని చెప్పడం చాలా తేలిక. ఎవరు పరీక్షిస్తారు? కానీ ఉల్లంకి సన్నటి ఈల, కోరంగి పిట్ట సీటీ, ఏవీ నేను వినలేదు, ఆర్తీ. పుస్తకంలో చూసి నింపాను. మన లెక్కల్లో ఖాళీ గడి ఉంటే నీకు అనుమానం వస్తుందని మొదలుపెట్టాను, తర్వాత అలవాటైపోయింది. నా తీర్పు మార్చారని మీ మీద నిప్పులు కక్కినదాన్ని, పదకొండేళ్లు వినని కూతలకు సంతకం పెట్టాను.

"వినలేదు సార్" అన్నాను.

"క్లాసుల గూడ గట్లనే నడిపిచ్చినవా?"

"కొన్నిసార్లు. వెనక బెంచీ వాళ్లు ఏదో అడిగితే వినపడక, అవునని తలూపాను."

ఆ తలూపులో ఎంతమంది పిల్లలకు తప్పు జవాబు చెప్పానో అని ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తోంది. నీ మీద కోపం కంటే అది పెద్దది. తర్వాత ఆయన రాజీనామా కాగితం నా వైపు జరిపారు.

"అబద్ధం జెప్పి పదకొండేండ్లు నడిపినవ్. నిజం జెప్పి ఒక్క ఏడాది నడిపి సూపియ్యి. అప్పుడు నేనే జెప్తా, ఉండాల్నో పోవాల్నో."

జూన్ నుంచి నా ఏడో తరగతి నాకే. ప్రశ్న ఉన్నవాళ్లు బోర్డు దగ్గరికి వచ్చి, నా ముఖం చూసి అడగాలి. మొదటి రోజే ఎందుకో నేనే పిల్లలకు చెప్పాలి. అది ఆయన షరతు. ముఖేష్ అన్నయ్య నన్ను ఠాణేలో చెవుల డాక్టరుకు చూపించాడు. కుడి చెవి మిషనుతో కొంత పనికొస్తుందట, ఎడమది రాదట. మగ్గాల పక్కన కూర్చుని కూర్చుని తనకూ సన్నటి మాటలు అందడం లేదని దారిలో అన్నయ్య చెప్పాడు. ఇద్దరం ఆటోలో నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు.

పక్షుల లెక్కలు కూడబెట్టే సంఘానికి నిన్న రాశాను: నా పుస్తకాల్లో కూతల గడులన్నీ కొట్టెయ్యండి, కళ్లతో చూసినవి మాత్రం ఉంచండి. ఆ ఉత్తరం రాయడం నీకు రాసిన మొదటి ఉత్తరం కంటే కష్టమైంది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు గోదాముల వెనక ఉంటాను. ఫ్లెమింగోలు వెళ్లిపోయే లోపు ఒక లెక్క తియ్యాలి. నిన్ను క్షమించి పిలుస్తున్నానని అనుకోకు, అంత మంచితనం నాకింకా రాలేదు. నేను చూసింది నేను రాస్తాను. కూతల గడి నింపడానికి చెవులున్న మనిషి కావాలి. వస్తే రా. నువ్వు విన్నది నీ సంతకంతో రాయి.

విననిది మాత్రం ఖాళీగా వదిలెయ్యి.

నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
నమ్రత